బ్యాగుల తూటా: చెప్పినోడికి తొవ్వ, తెల్వనోడికి ఠాణా

శంషాబాద్ ఎయిర్‌పోర్టుల ఒకటే బెల్టు మీద రెండు బ్యాగులు పోతున్నయనుకోండ్రి. మొదటి బ్యాగుల తాళమేసిన పెట్టె ఉన్నది, అండ్ల పిస్తోలున్నది. పక్కకు డబ్బాల సక్కగ సదిరిన తూటాలున్నయి. రెండో బ్యాగుల బట్టలు, మామిడికాయ తొక్కు, సకినాలు. అడుగున కుట్టు ఊడిన సందుల ఇరుక్కున్న ఒక్కటే ఒక్క తూటా. తుపాకి లేదు. మొదటి బ్యాగాయన విమానమెక్కి బెల్టు పెట్టుకుంటడు. రెండో బ్యాగాయన పోలీస్ ఠాణాల బెంచి మీద కూసుంటడు.

వినెటోళ్లకు ఇది ఉల్టా ముచ్చట లెక్క కొడ్తది. కని చట్టం చూస్తె ఇట్లనే ఉన్నది. మొదటాయన తన దగ్గర తుపాకి ఉన్నదని ముందుగాలనే చెప్పిండు, లైసెన్సు చూపిచ్చిండు. రెండో ఆయనకు చెప్పెటందుకు ఏం లేకుండె, ఎందుకంటె బ్యాగుల తూటా ఉన్నదని ఆయనకే ఎరుక లేదు. చెప్పినోడికి తొవ్వ ఇచ్చుడు సరే. తెల్వనోన్ని ఏం చెయ్యాలె? గీ ప్రశ్నకు మన పెద్ద కోర్టులు ఎప్పుడో జవాబిచ్చినయి. ఆ జవాబు ఎయిర్‌పోర్టు దాకా ఇంకా దిగి రాలేదు. నా పంచాయితి అంత దాని మీదనే.

ఇది మన పిల్లల ముచ్చట కూడ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి దిక్కు ఇంటికొక్కరన్న గల్ఫ్ మొఖం చూసినోళ్లుంటరు. ఇప్పుడు సదువుకు అమెరికా పోయెటోళ్లు కూడ ఊరూరికి ఉన్నరు. బ్యాగు సదురుడు మనకు కొత్త గాదు. కని ఆ బ్యాగు ఎవలది, అండ్ల ఇంతకుముందు ఏముండె అని అడిగి చూసుడు మనకు అలవాటు లేదు.

తుపాకి విమానంల ఎట్ల పోతది?

ముందుగాల రూలు ఏందో తెలుసుకుందాం. తుపాకి గాని తూటా గాని మనతోని లోపలికి, మన సీటు కాడికి తీస్కపోనియ్యరు. కార్గోల, అంటె కౌంటర్ల ఇచ్చే చెక్-ఇన్ బ్యాగేజిల మాత్రం షరతుల మీద పోనిస్తరు. ఆ సామాన్లు విమానం కడుపుల ఉంటయి కాబట్టి, ఎగిరినంక ఎవ్వలి చెయ్యి దానికి అందది. అసలు సూత్రం అదే.

షరతులు ఇవి. ఆ తుపాకికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలె. ఎయిర్‌లైన్ వాళ్లకు ముందుగాల చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలె. కౌంటర్ల నోరిప్పి చెప్పాలె, కాయిదం మీద సంతకం వెట్టాలె. తుపాకి ఖాళీగ ఉండాలె, లోపల తూటా ఉండొద్దు. తూటాలను వేరేగ, గట్టి డబ్బాల, కదలకుంట సదరాలె. ప్రపంచమంత నడిచే విమానయాన నిబంధన ప్రకారం సొంతానికి తీస్కపోయే తూటాలు డబ్బాతోని కలిపి మనిషికి 5 కిలోలు దాటొద్దు. అవి కూడ 1.4 ఎస్ అని పిలిచే రకమే ఉండాలె. అంటె డబ్బాల ఉండంగ ఒకవేళ పేలినా పక్క సామాన్లకు పెద్ద నష్టం కానియ్యని రకం. తగిలినంక పేలేటియి, మంట లేపేటియి అస్సలు పనికిరావు. ఇద్దరు ముగ్గురి కోటా కలిపి ఒక్క పెట్టెల పెడ్తమంటె కూడ ఒప్పుకోరు.

ఇంకో మెలిక ఉన్నది. మన దేశంల ఆయుధ లైసెన్సు మీద అది ఎక్కడిదాకా చెల్లుతదో రాసి ఉంటది. మన రాష్ట్రానికే అని రాసి ఉంటె, ఢిల్లీల దిగినంక ఆ కాయిదం చెల్లది. ఊర్ల పెద్దమనిషికి లైసెన్సుడు పిస్తోలున్నా సరే, దాన్ని నడుముకు కట్టుకొని దేశమంత తిరుగుడు నడువది.

గీ తొవ్వల పోయెటోళ్లల్ల మనం గర్వపడెటోళ్లు కూడ ఉన్నరు. 2012 లండన్ ఒలింపిక్స్‌ల కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌ల పెరిగినాయనే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్ల పతకాలు గెలిచిన ఈషా సింగ్ హైదరాబాద్ పిల్లనే. షూటింగ్ ఆడెటోళ్లు దేశదేశాలు తిరగాలంటె తుపాకి, తూటాలు వెంట పోవాల్సిందే. వాళ్లకు ప్రతి ప్రయాణం కాయిదాల మీద కాయిదాలు, కౌంటర్ల దగ్గర గంటల కొద్ది నిలవడుడు. కష్టమైనా తొవ్వ ఉన్నది. అందుకే తుపాకి పోనిచ్చుడు తప్పని నేననను.

బ్యాగుల మీద ఇంత నిఘా ఎందుకో కూడ యాది పెట్టుకోవాలె. 1985 జూన్ 23 నాడు ఎయిర్ ఇండియా ‘కనిష్క’ విమానం ఐర్లండ్ దగ్గర సముద్రం మీద పేలిపోయింది. 329 మంది సచ్చిపోయిన్రు. బాంబు ఉన్నది చెక్-ఇన్ బ్యాగులనే. ఆ బ్యాగు ఇచ్చినోడు విమానమే ఎక్కలేదు. 1999 డిసెంబర్‌ల మన విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీస్కపోయిన్రు. ఆ తర్వాత 2000 నుంచి మన ఎయిర్‌పోర్టుల కాపలా ఒక్కొక్కటిగ సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది. కాబట్టి ఎక్స్‌రే ముందట కూసున్న జవాను నీ బ్యాగును అనుమానంగ చూస్తుండంటె కోపం చెయ్యకు. ఆయన డ్యూటీ ఆయన చేస్తుండు. లొల్లి ఆయన చూసినంక మొదలైతది.

తూటా ఎట్ల వస్తది మన బ్యాగులకు?

“మా ఇంట్ల తుపాకే లేదు, తూటా ఎక్కడికెళ్లి వస్తది?” అని అడుగుతరు మస్తు మంది. జెర సోంచాయించుండ్రి.

మన ఊర్లల్ల బ్యాగు అంటె ఒక్కరి సొత్తు గాదు. పెద్దనాయిన కొడుకు పట్నం పోతె తీస్కపోతడు, మేనత్త బిడ్డ హాస్టల్‌కు తీస్కపోతది, బావ దుబాయి పోతె అదే బ్యాగు. మన ఇండ్లల్ల ఆర్మీల, సీఆర్పీఎఫ్‌ల, పోలీసుల చేసెటోళ్లున్నరు. రిటైరయ్యి బ్యాంకు కాడ తుపాకి పట్టుకొని కాపలా ఉండెటోళ్లున్నరు. వాళ్ల బ్యాగులు గట్టియి, పెద్దయి. ఎవలన్న ఊరికి పోతున్నరంటె అవే అడిగి తీసుకుంటరు. ఆ బ్యాగుల పది జేబులుంటయి. అండ్ల ఒక జేబుల చిటికెన వేలంత తూటా ఒకటి మరిచిపోయి ఉండుడు పెద్ద వింత గాదు.

ఫైరింగ్ రేంజి కాడ దొరికిందని పిల్లలు ఏరి తెచ్చుకునుడు ఉన్నది. తాళంచెవికి, మెడల గొలుసుకు తూటా కట్టుకునే ఫ్యాషన్ ఉన్నది. కొన్ని వట్టి బొమ్మలే ఉంటయి. ఎక్స్‌రే తెర మీద మాత్రం బొమ్మ, అసలుది ఒకటే తీరుగ కనవడ్తయి.

అమెరికా ముచ్చట వేరే. టెక్సాస్ లాంటి రాష్ట్రంల దోస్తులతోని షూటింగ్ రేంజికి పోయి సరదాకు నాలుగు తూటాలు పేలుస్తరు. అదే బ్యాగు భుజానికేసుకొని ఆరు నెలలకు అక్క పెండ్లికి ఇంటికి వస్తరు. అక్కడ బజార్ల కొనుక్కునే సామాను ఇక్కడ దిగంగనే ఆయుధ చట్టం కిందికి వస్తది. వస్తువు అదే, జేబు అదే, కని దేశం మారంగనే అది నేరమైతది.

చట్టం ఏమంటది, కోర్టు ఏమన్నది?

నేను లా కాలేజి మెట్లెక్కలేదు. చట్టం పుస్తకం ముంగటేసుకొని ఒక్కో లైను కూడబలుక్కొని సదువుకున్నోన్ని. కాబట్టి నాకు సమజైనట్టే మీకు చెప్త.

1959 ఆయుధ చట్టం సెక్షన్ 3 ఏమంటదంటె, లైసెన్సు లేకుంట తుపాకి గాని తూటా గాని ఉంచుకోవద్దు. తుపాకి లేకుంట వట్టి తూటా ఉన్నా నేరమే. శిక్ష సెక్షన్ 25లున్నది. 2019ల సవరణ చేసి ఈ శిక్షను పెంచిన్రు. ఇప్పుడు తక్కువల తక్కువ 2 ఏండ్లు, ఎక్కువల ఎక్కువ 5 ఏండ్లు, పైకెళ్లి జుర్మానా. ప్రత్యేక కారణాలుంటె కోర్టు తగ్గియ్యొచ్చు.

అదే 2019 సవరణల ఇంకో లైను చేర్చిన్రు. పెండ్లి బరాత్‌ల, జాతరల ఖుషీకి తుపాకి పేల్చి పక్కోళ్ల పానం మీదికి తెచ్చినోడికి ఎంత శిక్షనో ఎరుకేనా? ఎక్కువల ఎక్కువ 2 ఏండ్లు, లేదంటె లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదంటె రెండూ. కింది హద్దు లేదు. అంటె, జనం నడుమ తుపాకి పేల్చిన మోతుబరి జుర్మానా కట్టి ఇంటికి పోవచ్చు. బ్యాగు అడుగున ఎరుక లేని తూటా దొరికిన కూలోని మీద మాత్రం రెండేండ్లకు తగ్గని సెక్షన్ పడ్తది. చట్టం రాసెటోళ్ల కండ్లు ఏ దిక్కు ఉన్నయో దీన్ని బట్టే చెప్పొచ్చు.

ఇగ కోర్టుల ముచ్చట. ‘దగ్గర ఉండుడు’ అంటె ఏంది అనే ప్రశ్న సుప్రీంకోర్టుకు ఎప్పుడో వచ్చింది. 1972ల గున్వంత్‌లాల్ కేసుల కోర్టు సాఫ్‌గ చెప్పింది. ఆయుధం ఒకరి దగ్గర ఉన్నదంటె, అది ఉన్నదనే ఎరుక ఆ మనిషికి ఉండాలె. 1994ల సంజయ్ దత్ కేసుల ఐదుగురు జడ్జిల బెంచి కూడ ఇదే మాట ఖాయం చేసింది. తెలిసి ఉంచుకునుడే నేరం, తెల్వకుంట ఉండిపోవుడు నేరం గాదు. ఈ తీర్పుల మీద నిలవడి ఢిల్లీ హైకోర్టు ఇసొంటి ఎయిర్‌పోర్టు కేసులు ఎన్నో కొట్టేసింది. తుపాకి లేదు, ఒకటో రెండో తూటాలు, బ్యాగుల ఉన్నయని తెలిసినట్టు సాక్ష్యం లేదు, కాబట్టి ఎఫ్ఐఆర్ రద్దు.

ఇంకేంది మరి, న్యాయం దొరికినట్టే గదా అంటరా? దొరికింది. ఎవలకు దొరికిందో చూడుండ్రి. హైకోర్టు దాకా పోయినోనికి దొరికింది.

హైకోర్టు దాకా పోలేనోని సంగతి

ఒక పిలగాన్ని లెక్కకు తీసుకుందాం. మిత్తికి అప్పు తెచ్చి వీసా కొన్నడు. ఏజెంటుకు కట్టిండు, మెడికల్ అయ్యింది, టికెట్ వచ్చింది. అమ్మ దీవించి పంపింది. బ్యాగుల తూటా దొరికింది. ఇప్పుడు లెక్క పెట్టుండ్రి.

విమానం పోయింది, టికెట్ పైసలు పోయినయి. వీసాకు గడువుంటది, అది దాటితె వీసా పోయింది. కంపెనోడు ఇంకొకరిని పిలుసుకుంటడు, కొలువు పోయింది. అప్పు మాత్రం ఎటూ పోదు, మిత్తి పెరుగుకుంట ఇంట్లనే కూసుంటది. కేసు కోర్టుకెక్కితె పాస్‌పోర్టు మీద కూడ పడ్తది. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం క్రిమినల్ కేసు నడుస్తుంటె పాస్‌పోర్టు ఇయ్యకుంట ఆపొచ్చు. కావాల్నంటె కోర్టుకు పోయి పర్మిషన్ తెచ్చుకోవాలె. అంటె ఒక్క విమానమే గాదు, ఆ తర్వాత ఎక్కాల్సిన విమానాలు కూడ పోయినట్టే. చివరికి రెండేండ్లకో మూడేండ్లకో కేసు కొట్టేస్తరు. “నువ్వు తప్పు చెయ్యలేదు” అని కాయిదం చేతికొస్తది. ఆ కాయిదాన్ని అప్పిచ్చినోడు తీసుకుంటడా?

తప్పు చేసినోడికి పడే శిక్షకంటె తప్పు చెయ్యనోడు కేసు నడిపినంత కాలం పడే శిక్ష పెద్దగుంటది. పైసలున్నోడు వారంల పెద్ద వకీలును పెట్టి హైకోర్టుల పిటిషన్ ఏస్తడు. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 528 అంటరు, పాత దాంట్ల 482. పైసల్లేనోడు ఎయిర్‌పోర్టు ఏరియా కోర్టుకు ఊర్లకెళ్లి బస్సెక్కి వాయిదాలకు తిరుగుతడు.

అట్లని చట్టంల రక్షణ లేదా? ఉన్నది, రాసి ఉన్నది. ఆయుధ చట్టం సెక్షన్ 39 ఏమంటదంటె, సెక్షన్ 3 కింద కేసు కోర్టుల నడపాలంటె జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలె. అంటె పోలీసులు పంపిన ఫైలును ఇంకో పెద్ద అధికారి చూసి, “ఇది నిజంగ నేరమేనా?” అని సోంచాయించాలె. అండ్లనే జల్లెడ పట్టొచ్చు. కని ఆ అనుమతి వట్టి ముద్ర గుద్దుడు కింద మారితె జల్లెడకు రంధ్రాలే ఉండవు, అన్నీ పైననే నిలుస్తయి. రెండోది, ఏడేండ్ల లోపు శిక్ష ఉన్న కేసులల్ల ఉత్తగ అరెస్టు చేసుడు గాదు, నోటీసు ఇచ్చి పిలవొచ్చు. మునుపు 41ఏ అనెటోళ్లు, 2024 జూలై నుంచి బీఎన్ఎస్ఎస్ 35 అంటున్నరు. ఒక్క తూటా కేసు ఇందుకు సరిగ్గ అతుకుతది.

మనసొంటి దేశం ఒకటి ఏం జేసింది?

ఫిలిప్పీన్స్ కూడ మన లెక్కనే. బిడ్డలను పరాయి దేశాలకు కూలికి పంపి ఆ పైసల మీద బతికే దేశం. దుబాయిల మనోళ్ల పక్క మంచం మీద పండేది వాళ్లే.

2015ల వాళ్ల రాజధాని మనీలా ఎయిర్‌పోర్టుల పెద్ద లొల్లి అయ్యింది. ప్రయాణికుల బ్యాగులల్ల తూటాలు దొరుకుడు మొదలైంది. పరాయి దేశంల పని చేసుకునే ఆడోళ్లు, ముసలోళ్లు పట్టువడ్డరు. మేం పెట్టుకోలేదు, ఎవలో ఏసిన్రని వాళ్లు మొత్తుకున్నరు. ఒక అమెరికా యువకుడు, తనను ఒదిలిపెట్టెటందుకు 30,000 పెసోలు అడిగిన్రని ఆరోపించిండు. జనం దీనికి ‘తానిమ్-బాలా’ అని పేరు పెట్టిన్రు. బాలా అంటె వాళ్ల భాషల తూటా, తానిమ్ అంటె నాటుడు. బుగులుతోని జనం బ్యాగులకు ప్లాస్టిక్ చుట్టుకొని, టేపు మీద టేపు ఏసుకొని ఎయిర్‌పోర్టుకు వచ్చిన్రు. తాయెత్తు లెక్క తూటా వెంట పెట్టుకునే అలవాటు కొందరికున్నదని అధికారులు అన్నరు. ఏది ఎంత నిజమో గాని, ఒక్క సంగతి తేలింది. ఒక్క తూటాకు మనిషిని లోపలేసే చట్టముంటె, ఆ చట్టమే లంచగొండి చేతుల కత్తి ఐతది.

2016ల సర్కారు మారినంక వాళ్లు పద్ధతి మార్చిన్రు. ఒకటో రెండో తూటాలు దొరికితె అవి జప్తు చేసుకోవాలె, వివరాలు రాసుకోవాలె, మనిషిని విమానం ఎక్కనియ్యాలె. దాంతోని ఆ లొల్లి సల్లవడ్డది. మనిషిని లోపలేసే అవకాశమే లేకుంటె బెదిరించి పైసలు గుంజుడు ఎట్ల నడుస్తది?

అమెరికా తొవ్వ మనకెందుకు వద్దు?

“ఐతె మొత్తం ఢీలా ఇడిసిపెడ్దామా?” అని ఎవలన్న అడగొచ్చు. వద్దు. అట్ల ఇడిసిపెడ్తె ఏమైతదో అమెరికాల చూడొచ్చు.

అక్కడ తుపాకి విమానంల తీస్కపోవుడు బహు అలవాటు పని. ఖాళీ చెయ్యాలె, గట్టి పెట్టెల పెట్టి తాళమెయ్యాలె, కౌంటర్ల చెప్పాలె, అంతే. ఇంత అలకటి తొవ్వ ఉన్నా కూడ 2023ల ఎయిర్‌పోర్టు తనిఖీల దగ్గర, మనిషి వెంట లోపలికి తీస్కపోయే బ్యాగులల్ల 6,737 తుపాకులు దొరికినయి. 2024ల 6,678. అంటె రోజుకు 18. వంద తుపాకులల్ల 90 కంటె ఎక్కువ తూటాలు నింపి ఉన్నయే. పట్టువడ్డోళ్లు మస్తు మంది చెప్పే మాట ఒకటే, “మరిచిపోయిన” అని. జుర్మానా దాదాపు 15,000 డాలర్ల దాకా పోవచ్చని 2022 చివర్ల ప్రకటించినా సంఖ్య పెద్దగ దిగలేదు. తూటా మరుసుడు వేరు, తూటాలు నింపిన తుపాకిని మరుసుడు వేరు. తుపాకి సెల్‌ఫోన్ లెక్క ఐపోయిన సమాజంల దాన్ని కూడ మరిచిపోతరు.

రూలు పాటిచ్చినా ఆపద తప్పదని కూడ అక్కడే తేలింది. 2017 జనవరి 6 నాడు ఒకడు అలాస్కాల తన పిస్తోలును రూలు ప్రకారం చెప్పి, పెట్టెల పెట్టి, చెక్-ఇన్ చేసిండు. ఫ్లోరిడాల ఫోర్ట్ లాడర్‌డేల్‌ల దిగిండు. బెల్టు కాడ పెట్టె తీసుకున్నడు, బాత్రూంలకు పోయి తూటాలు నింపిండు, బయటికొచ్చి సామాన్ల కోసం నిలవడ్డ జనం మీద కాల్చిండు. ఐదుగురు సచ్చిపోయిన్రు. ఆ ఘటనకు రెండు నెలల ముందే వాడు ఎఫ్‌బీఐ ఆఫీసుకు పోయి తన మనసును ఎవలో నడిపిస్తున్నరని చెప్పుకున్నోడు. అప్పుడు పోలీసులు తీసుకున్న పిస్తోలును మళ్ల వాని చేతికే ఇచ్చిన్రు. కాయిదాలన్నీ సక్కగనే ఉన్నయి. మనిషిని చూసినోడే లేడు.

అమెరికాల ఉన్న మన పిల్లలకు ఒక మాట. స్టూడెంట్ వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నోళ్లు తుపాకి, తూటా ఉంచుకోవద్దని వాళ్ల కేంద్ర చట్టమే చెప్తది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నయి. ఆ సందు చూసి తుపాకి కొనుక్కొని ఫోటోలు దిగెటోళ్లున్నరు. రాష్ట్రం మారితె అక్కడ కూడ చట్టం మారుతది. 2005ల ఉటా రాష్ట్రపాయన ఒకాయన రూలు ప్రకారం పిస్తోలు చెక్-ఇన్ చేసి పెన్సిల్వేనియా పోతున్నడు. నడుమ నెవార్క్‌ల విమానం తప్పింది. పెట్టె చేతికిచ్చిన్రు, రాత్రి హోటల్ల పండుకున్నడు. తెల్లారి మళ్ల కౌంటర్ల నిజం చెప్పంగనే అరెస్టు చేసిన్రు. ఎందుకంటె న్యూజెర్సీ చట్టం వేరే. ఆయన దావా ఏస్తె 2010ల అప్పీలు కోర్టు ఆయనకు న్యాయం చెయ్యలేదు. ఆ దేశంల పుట్టినోనికే గిట్లైతె, వీసా మీద ఉన్నోని గతి ఏంది?

మరి మనకేం కావాలె?

తుపాకి మీద కట్టుదిట్టం ఉండాలె. ఎరుక లేని మనిషి మీద మాత్రం ఇన్సాఫ్ ఉండాలె. ఈ రెండిటికి కొట్లాట లేదు. నేను అడిగేటియి మూడే.

మొదటిది, అదే రోజు విచారణ. తూటా దొరికిందా, జప్తు చేయుండ్రి. వేలిముద్ర తీసుకోండ్రి, చిరునామా రాసుకోండ్రి, పాత కేసులున్నయా చూడుండ్రి, బ్యాగు ఎవలదో ఫోన్ చేసి అడగుండ్రి. ఈ కాలంల ఇవన్ని రెండు మూడు గంటల పని. తుపాకి లేదు, నేర చరిత్ర లేదు, తూటా ఒకటో రెండో ఉన్నయంటె మనిషిని పోనియ్యుండ్రి. అనుమానం మిగిలితె నోటీసు ఇయ్యుండ్రి. ఎక్కువ తూటాలున్నా, తుపాకి భాగాలున్నా, చెప్పే మాట అతకకున్నా కేసు పెట్టుండ్రి, ఎవలు వద్దన్నరు? ఇందుకోసం కేంద్ర హోం శాఖ, విమానయాన భద్రతా బ్యూరో కలిసి అన్ని ఎయిర్‌పోర్టులకు ఒకటే రాతపూర్వక పద్ధతి ఇయ్యాలె. ఇప్పుడైతె మనిషి అదృష్టం ఆ రోజు డ్యూటీల ఉన్న ఆఫీసర్ మనసు మీద నడుస్తున్నది.

రెండోది, సెక్షన్ 39 అనుమతిని నిజం జల్లెడ చెయ్యాలె. ఎరుక ఉన్నట్టు సాక్ష్యం ఫైల్ల ఉన్నదా అని జిల్లా మేజిస్ట్రేటు చూడాలె. లేకుంటె ఆడ్నే ఆపాలె. సుప్రీంకోర్టు 1972లనే చెప్పిన మాట కోసం ప్రతి కూలోడు మళ్ల హైకోర్టు మెట్లెక్కుడు ఎందుకు?

మూడోది, ఉచిత వకీలు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీల ఉన్నోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయంతోని పని లేకుంట పుక్యానికి వకీలు దొరకాలె. నంబరు 15100. ఈ నంబరు ఎయిర్‌పోర్టు గోడ మీద, ఠాణా గోడ మీద తెలుగుల పెద్దగ రాసి ఉండాలె. గల్ఫ్ పంపెటప్పుడు ఇచ్చే శిక్షణల బ్యాగు ముచ్చట కూడ చెప్పాలె.

సర్కారు చేసేదాకా మనం చేసుకోవాల్సింది మనం చేసుకుందాం. తమ్ముల్లారా, చెల్లెల్లారా, ప్రయాణానికి రెండు రోజుల ముందు బ్యాగును బోర్ల ఏసి దులుపుండ్రి. ప్రతి జేబుల చెయ్యి పెట్టి చూడుండ్రి, అస్తరు కింద తడుముండ్రి. చక్రాల బ్యాగైతె లోపలి జిప్పు తీసి అడుగు చూడుండ్రి. ఫౌజుల, పోలీసుల చేసినోళ్ల బ్యాగు, షూటింగ్ రేంజికి పోయిన బ్యాగు విమానానికి తీస్కపోవద్దు, కొత్తది కొనలేకుంటె సివిల్ చుట్టాల దగ్గర అడగుండ్రి. తూటా గొలుసు, తూటా తాళంచెవి, బొమ్మ తుపాకి లైటర్ ఇంట్లనే పెట్టుండ్రి. ఎంత దగ్గరోళ్లిచ్చినా పార్సల్ ఇప్పి చూసినంకనే బ్యాగుల పెట్టుండ్రి. చూడనియ్యనోని పార్సల్ ముట్టొద్దు.

ఇంత చూసుకున్నా దొరికితె ఉరకొద్దు, తూటాను ముట్టొద్దు. బ్యాగు ఎవల దగ్గర తెచ్చిన్రో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. సదవకుంట ఏ కాయిదం మీద సంతకం పెట్టొద్దు. ఎరుక లేదంటె “నాకు ఎరుక లేదు” అనే మాట స్టేట్‌మెంట్‌ల రాయమని అడగుండ్రి. కోర్టుల మీ కేసు నిలిచేది గా ఒక్క మాట మీదనే. ఇంటికి ఫోన్ చేపిచ్చి, బ్యాగు ఇచ్చినాయన లైసెన్సు కాయిదమో, డ్యూటీ కార్డో తెప్పియ్యుండ్రి. 15100కు ఫోన్ చెయ్యుండ్రి.

లైసెన్సున్న పెద్దమనిషి తుపాకికి విమానంల జాగ దొరుకుతున్నది. పొట్టకూటికి పోయే పిలగానికి, తన బ్యాగుల ఏమున్నదో తనకే ఎరుక లేదని నిరూపించుకునెటందుకు రెండు గంటల టైం ఇయ్యమంటున్న. నేనడిగేది అంతే.